విమాన దూరం, ప్రయాణ కాలం

రెండు నగరాల మధ్య విమాన దూరం అంటే, ఆ నగరాల విమానాశ్రయాలను భూమి ఉపరితలం వెంబడి కలిపే అతి తక్కువ పొడవు. ప్రయాణ కాలం అంటే, విమానం ఒకచోట నిలుపు స్థానం నుంచి కదిలింది మొదలు గమ్యంలో నిలుపు స్థానానికి చేరి ఆగేవరకు పట్టే సమయం. మొదటిది జ్యామితి తేల్చే విషయం. విమానాశ్రయాలు కదలవు కాబట్టి అదీ మారదు. రెండోదాన్ని గాలి, విమానం రకం, గగనతల నిబంధనలు, రన్‌వేల రద్దీ, ఇంధన ఖర్చు కలిసి నిర్ణయిస్తాయి. ఒకే రోజు ఒకే మార్గంలో నడిచిన రెండు విమానాలకు కూడా అది సమానంగా ఉండదు. ఈ వ్యాసంలో హైదరాబాద్–ఢిల్లీ మార్గమే ప్రధాన ఉదాహరణ. దాదాపు నిటారుగా ఉత్తరానికి సాగే మార్గం కావడంతో దూరానికీ కాలానికీ ఉన్న సంబంధం ఇందులో తేటగా కనిపిస్తుంది.

దూరం: నాలుగు అర్థాలు

విమానయానంలో ‘దూరం’ అన్న మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. పటాల్లో, టికెట్ల లెక్కల్లో కనిపించేది భూమి మీది కనిష్ఠ దూరం. దీన్ని మహావృత్త దూరం అంటారు. విమానం బయలుదేరేముందు తయారుచేసే ఫ్లైట్ ప్లాన్‌లో ఉండేది ప్రణాళికా దూరం. నిర్దేశిత వాయుమార్గాలు, మలుపు బిందువులు, నిషిద్ధ ప్రాంతాల వల్ల ఇది మొదటిదానికంటే కొంత ఎక్కువ. దారిలో ఉరుముల మేఘాలను తప్పుకున్నాక, ఢిల్లీ మీద చక్కర్లు కొట్టాక నిజంగా తిరిగిన దూరం మూడోది. నాలుగోది సాధారణ ప్రయాణికుడికి పరిచయం లేని గాలిలో దూరం. అంటే విమానం తన చుట్టూ ఉన్న గాలిని కోసుకుంటూ ఎంత ముందుకు పోయిందన్న లెక్క. ఎదురుగాలిలో ఇది నేల మీది దూరాన్ని మించుతుంది, వెనుకగాలిలో దానికంటే తగ్గుతుంది. ఇంధనం ఖర్చయ్యేది ఈ దూరానికే కాబట్టి పైలట్‌కు ముఖ్యమైనది ఇదే.

మహావృత్తం

గోళం కేంద్రం గుండా పోయే తలంతో గోళాన్ని కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. ప్రతి రేఖాంశం ఒక మహావృత్తంలో సగం. భూమధ్యరేఖ తప్ప మిగతా అక్షాంశ రేఖలేవీ మహావృత్తాలు కావు. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గర దారి ఎప్పుడూ మహావృత్తం వెంబడే ఉంటుంది. ఈ వృత్తం బడి అట్లాసులోని చదును పటం మీద చాలాసార్లు వంపు గీతగా కనిపిస్తుంది. విమానం అనవసరంగా చుట్టూ తిరిగి పోతోందన్న అనుమానం అక్కడే పుడుతుంది.

హైదరాబాద్–షికాగో జంట ఇందుకు మంచి ఉదాహరణ. పటం మీద స్కేలు పెట్టి గీస్తే గీత సౌదీ అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. భూగోళం బొమ్మ మీద దారం లాగి చూస్తే ఆ దారం హైదరాబాద్ నుంచి ఉత్తరానికి కొద్దిగా పడమరగా మొదలై, మధ్య ఆసియా, రష్యా దాటి, సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగుతుంది. ఆ దారి పొడవు సుమారు 13,280 కి.మీ. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఆగకుండా పోయే విమానం నడిపింది. అదే నెలలో ఆ సంస్థ మహిళా పైలట్ల బృందం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానాన్ని తెచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించిన ఆ బృందంలో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు.

లెక్క: హైదరాబాద్–ఢిల్లీ

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం సుమారు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఢిల్లీలోని ఇందిరా గాంధీ విమానాశ్రయం 28.57 డిగ్రీల ఉత్తరం, 77.10 డిగ్రీల తూర్పు మీద ఉంది. అక్షాంశాల తేడా 11.33 డిగ్రీలు కాగా రేఖాంశాల తేడా 1.33 డిగ్రీలే. అందువల్ల దారి నిటారు ఉత్తరానికి సుమారు 6 డిగ్రీలు మాత్రమే పడమరకు ఒరిగి ఉంటుంది. సరళరేఖ ఆదిలాబాద్‌కు పడమరగా, భోపాల్‌కు కొద్దిగా తూర్పుగా, గ్వాలియర్‌కు పడమరగా సాగుతుంది.

భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం గల గోళంగా తీసుకుని గోళీయ త్రికోణమితి సూత్రం వేస్తే దూరం సుమారు 1,267 కి.మీ. వస్తుంది. భూమి నిజానికి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయింది. నేటి ప్రామాణిక నమూనా డబ్ల్యూజీఎస్-84 ప్రకారం భూమధ్యరేఖా వ్యాసార్ధం 6,378.137 కి.మీ., ధ్రువ వ్యాసార్ధం 6,356.752 కి.మీ. ఈ ఆకారంతో లెక్కిస్తే హైదరాబాద్–ఢిల్లీ దూరం సుమారు 1,262 కి.మీ.కు తగ్గుతుంది. ఈ మార్గంలో విమానం ఆ అయిదు కిలోమీటర్లను ఇరవై సెకన్లలో దాటేస్తుంది. అయినా వేర్వేరు చోట్ల ఒకే మార్గానికి వేర్వేరు దూరాలు కనిపించడానికి ఇదొక కారణం. నగరం నడిబొడ్డు నుంచి కొలిచారా, విమానాశ్రయం నుంచి కొలిచారా అన్నది ఇంకో కారణం.

విమానయానం వాడే కొలమానం నాటికల్ మైలు. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని 1,852 మీటర్లుగా స్థిరపరిచింది. ఇది అక్షాంశంలో ఒక నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, దాదాపు సమానం. హైదరాబాద్, ఢిల్లీ అక్షాంశాల తేడాను నిమిషాల్లోకి మారిస్తే 680 వస్తుంది. అసలు దూరం దాదాపు 682 నాటికల్ మైళ్లు. ఉత్తర దక్షిణ మార్గం కనుకనే ఒక్క తీసివేతతో ఇంత దగ్గరి జవాబు వస్తుంది. తూర్పు పడమర మార్గాలకు ఈ పద్ధతి పనికిరాదు.

కొలత చరిత్ర

ఈ మార్గం వెంబడే భారతదేశంలో ఒక మహత్తర కొలత జరిగింది. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితీయ సర్వే, ఆ తర్వాత 78 డిగ్రీల రేఖాంశం పరిసరాల్లో దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక పొడవాటి గొలుసుగా సాగింది. కన్యాకుమారి వైపు నుంచి నిజాం రాజ్యంలోని బీదర్ ప్రాంతం మీదుగా సాగిన ఆ పని 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో చనిపోయేనాటికి సగంలో ఉంది. జార్జ్ ఎవరెస్ట్ దాన్ని హిమాలయ పాదాల వరకు కొనసాగించాడు. జ్వరాలను, అడవులను ఓర్చుకుంటూ ఆ బృందాలు అంగుళాల లెక్కన కొలిచిన చాపం ఆధారంగానే ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి ఒక నమూనా ఇచ్చాడు. భారతదేశపు పటాలు చాలాకాలం దాని మీదే ఆధారపడ్డాయి. ఇవాళ ఢిల్లీ విమానం రెండు గంటల్లో దాటే నేలను కొలవడానికి వాళ్లకు దశాబ్దాలు పట్టింది.

ప్రయాణ కాలం చరిత్ర

భారతదేశంలో విమానం మొదట ఉత్తరాలనే మోసింది. 1911 ఫిబ్రవరి 18న హెన్రీ పెకే అలహాబాద్ నుంచి నైనీకి ఉత్తరాల సంచి తీసుకుపోయాడు. ఆ దూరం సుమారు 10 కి.మీ. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి చిన్న పుస్ మాత్ విమానంలో టపా తెచ్చారు. ఆ టపా అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు సాగింది. ఆనాటి విమానాలకు ఇంధనం, పగటి వెలుతురు రెండూ పరిమితులే. మధ్యలో దిగడం తప్పనిసరి కాబట్టి మార్గం దిగగలిగిన చోట్లను బట్టి వంకరలు తిరిగేది.

1945లో హైదరాబాద్‌లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపింది. గంటకు 300 కి.మీ. లోపు వేగంతో పోయే డకోటాకు ఢిల్లీ దూరం ఎక్కడా ఆగకపోయినా నాలుగు గంటలకు పైబడేది. 1949 జనవరిలో రాత్రి టపా సర్వీసు మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన విమానాలు నడిరాత్రి నాగపూర్‌లో కలిసి, సంచులు మార్చుకుని, తెల్లారేసరికి ఇళ్లు చేరేవి. నాలుగు మూలలకూ దాదాపు మధ్యలో ఉండటమే నాగపూర్‌ను ఎంచుకోవడానికి కారణం. విమాన దూరం దేశపు సర్వీసులకు ఆకారం ఇచ్చిన సందర్భాల్లో ఇంత చక్కనిది మరొకటి కనబడదు.

1953లో విమాన సంస్థల జాతీయకరణతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. 1964లో ఆ సంస్థకు తొలి జెట్, కారవెల్, వచ్చింది. జెట్‌ల రాకతో ప్రయాణ కాలం దాదాపు సగానికి పడింది. ఆ తర్వాత మామూలు ప్రయాణికుడికి అంత పెద్ద తగ్గుదల మళ్లీ దక్కలేదు. శబ్దవేగాన్ని మించిన కాంకార్డ్ 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్–లండన్ మధ్య 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ఎగిరింది. 2003లో ఆ సర్వీసు ముగిసింది. నేటి విమానాల వేగం యాభై ఏళ్ల కిందటి జెట్‌ల వేగం కంటే ఎక్కువేమీ కాదు. వేగం పెంచితే ఇంధనం ఖర్చు అంతకంటే త్వరగా పెరుగుతుంది కాబట్టి సంస్థలు ఆ దిశగా పోలేదు.

గేటు నుంచి గేటుకు

ఢిల్లీకి నడిచే ఎయిర్‌బస్ ఎ-320 వంటి విమానం ఎత్తులో గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో పోతుంది. 1,262 కి.మీ.ను 830తో భాగిస్తే గంటా 31 నిమిషాలు. టైమ్‌టేబుల్‌లో మాత్రం 2 గంటల 10 నిమిషాలో, అంతకంటే కొంత ఎక్కువో ఉంటుంది. తేడా ఎక్కడ పోయిందన్నది దశలవారీగా చూస్తే తెలుస్తుంది.

గేటు దగ్గర వెనక్కి నెట్టించుకుని, ఇంజన్లు వేసి, రన్‌వే దాకా నేల మీద నడవడానికి 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. ఢిల్లీ రన్‌వేలదీ దాదాపు అదే తీరు. ఉత్తరానికి పోవలసిన విమానం గాలిని బట్టి తూర్పుకో పడమరకో లేచి మలుపు తిరగాలి, అవతలా మళ్లీ మలుపు తిరిగి దిగాలి. 35,000 అడుగులకు ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఆలోగా సుమారు 220 కి.మీ. దాటుతుంది. దిగడానికి పైలట్లు వాడే స్థూల సూత్రం వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. ఆ లెక్కన ఢిల్లీకి ఇంకా 195 కి.మీ. ఉండగానే కిందికి దిగడం మొదలుపెట్టాలి. 10,000 అడుగుల దిగువన సాధారణంగా 250 నాట్ల, అంటే గంటకు 463 కి.మీ. వేగాన్ని మించకూడదు. ఇవన్నీ తీసేస్తే నిండు వేగంతో సాగే భాగం 850 కి.మీ., గంట కాలం మాత్రమే. రెండుంబావు గంటల ప్రయాణంలో సగంకంటే తక్కువ.

చివరి అంచె ఢిల్లీ చుట్టుపక్కల గగనతలం. నలుదిక్కుల నుంచి వచ్చే విమానాలను ఒక వరుసలో పెట్టడానికి కంట్రోలర్లు కొన్నింటిని పక్కకు తిప్పుతారు, కొన్నింటి వేగం తగ్గించమంటారు. డిసెంబర్, జనవరి పొగమంచు రోజుల్లో ఈ వరుస పొడవవుతుంది. మరీ కష్టమైతే విమానం జైపూర్‌కో లక్నోకో మళ్లుతుంది.

గాలి ప్రభావం

విమానం వేగం దాని చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. ఆ గాలే కదులుతుంటే నేల మీది వేగం మారుతుంది. శీతకాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు ఎగిరే ఎత్తుల్లో, పడమర నుంచి తూర్పుకు ఉపఉష్ణమండల జెట్ ప్రవాహం వీస్తుంది. వర్షాకాలంలో దక్కను మీద మరింత ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ ప్రవాహం ఉంటుంది. ఈ రెండోదాన్ని వివరిస్తూ భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో ప్రచురించిన పరిశోధన ఆ రంగంలో మూలస్తంభం.

హైదరాబాద్–ఢిల్లీ మార్గానికి ఈ గాలులు అడ్డంగా తగులుతాయి. గంటకు 185 కి.మీ. అడ్డగాలి వీస్తే విమానం ముక్కును గాలివైపు కొద్దిగా తిప్పి పక్కవాటుగా సాగుతుంది. నేల మీది వేగం 830 నుంచి 809కి తగ్గుతుంది. దారి పొడవునా అదే గాలి ఉన్నా నష్టం రెండు మూడు నిమిషాలే. అందుకే ఈ మార్గంలో పోకకూ రాకకూ పెద్ద తేడా ఉండదు. ఇంతే దూరం తూర్పు పడమరలుగా ఉంటే లెక్క మారిపోతుంది. ఎదురుగాలిలో వేగం 645కి పడి 117 నిమిషాలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో వేగం 1,015కి పెరిగి 75 నిమిషాలు చాలు. రెండూ కలిపితే 192 నిమిషాలు. గాలి లేనప్పుడు పట్టేది 182. ఎదురుగాలి తీసుకున్న సమయాన్ని వెనుకగాలి పూర్తిగా తిరిగి ఇవ్వదు. ఎందుకంటే నెమ్మదిగా పోయేటప్పుడు విమానం ఆ గాలిలో ఎక్కువసేపు గడుపుతుంది.

హైదరాబాద్ నుంచి సుమారు 7,750 కి.మీ. దూరంలో ఉన్న లండన్‌కు పోవడానికి పట్టే సమయం రావడానికి పట్టేదానికంటే ఎక్కువగా ఉండటానికి కారణం ఈ ఎదురుగాలే. జెట్ ప్రవాహం బలానికి గట్టి సాక్ష్యం 2020 ఫిబ్రవరిలో దొరికింది. తుఫాను గాలుల ఊపుతో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది.

దగ్గర దారి, త్వరగా చేరే దారి

ఈ రెండూ ఒకటి కానవసరం లేదు. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. ప్రయాణించేది. 2016 అక్టోబర్‌లో దాన్ని పసిఫిక్ మీదుగా మళ్లించారు. దూరం సుమారు 15,300 కి.మీ.కు పెరిగింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది. అట్లాంటిక్ మీద ఎదురైన గాలి పసిఫిక్ మీద వెనక నుంచి తోడ్పడింది.

గగనతలం మూసివేతలు దీనికి విరుద్ధమైన ఫలితమిస్తాయి. 2019లో కొన్ని నెలలు, తిరిగి 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికాలకు పోయేవి దక్షిణంగా అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. 2022లో యూరప్ సంస్థలకు రష్యా మీదుగా దారి మూసుకుపోవడంతో హెల్సింకి–టోక్యో ప్రయాణం సుమారు 9 గంటల నుంచి 13 గంటలకు పెరిగింది. నగరాల మధ్య దూరం ఒక్క కిలోమీటరైనా మారలేదు.

టైమ్‌టేబుల్ సమయం

చక్రాలు దొర్లకుండా పెట్టిన దిమ్మలు తీసిన క్షణం నుంచి మళ్లీ పెట్టే క్షణం వరకు ఉన్న కాలాన్ని విమాన సంస్థలు ‘బ్లాక్ టైమ్’ అంటాయి. రన్‌వే వదిలి మళ్లీ నేలను తాకేవరకు ఉన్నది గాలిలో గడిపే సమయం. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్. సంస్థలు పాత ప్రయాణాల రికార్డులు చూసి, రద్దీకి కొంత అదనంగా కలిపి దీన్ని నిర్ణయిస్తాయి. ఢిల్లీ విమానం ఆలస్యంగా లేచి కూడా వేళకు చేరడం వెనక ఉన్నది ఈ అదనపు నిమిషాలే. మనదేశంలో 15 నిమిషాల లోపు తేడాను ఆలస్యంగా లెక్కించరు.

టికెట్ మీది వేళలు ఆయా ఊళ్ల స్థానిక వేళలు. హైదరాబాద్, ఢిల్లీలకు ఒకే సమయం కాబట్టి రెండు వేళల తేడాయే ప్రయాణ కాలం. లండన్‌కు ఈ తీసివేత చేస్తే తప్పు వస్తుంది. అక్కడి గడియారం చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు మనకు వెనక ఉంటుంది.

చట్టంలో దూరం, కాలం

ప్రయాణికుడి హక్కులు కొన్నిచోట్ల దూరాన్ని, కొన్నిచోట్ల కాలాన్ని బట్టి ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261వ నిబంధన పరిహారాన్ని మహావృత్త దూరంతో ముడిపెట్టింది. 1,500 కి.మీ. లోపు 250 యూరోలు, ఆపైన అంచెలుగా 400, 600 యూరోలు. భారత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) బ్లాక్ టైమ్‌ను ఆధారంగా తీసుకుంది. సంస్థ తన బాధ్యత వల్ల, ముందుగా తెలపకుండా విమానాన్ని రద్దు చేస్తే గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపు 7,500, అంతకు మించితే 10,000 రూపాయల వరకు ఇవ్వాలి. మూల టికెట్ ధర, ఇంధన రుసుము కలిపిన మొత్తం ఇంతకంటే తక్కువైతే ఆ మొత్తమే ఇస్తారు. రెండు గంటలు దాటిన హైదరాబాద్–ఢిల్లీ సర్వీసు పై అంచెలోకి వస్తుంది. దూరం అందరికీ ఒకటే కాబట్టి యూరప్ పద్ధతిలో వాదనకు చోటు తక్కువ. ఈ విషయంలో అది మెరుగు.

ధరల విషయంలోనూ ఇవే కొలమానాలు. 2016లో ప్రకటించిన ఉడాన్ పథకం గంట ప్రయాణాన్ని, సుమారు 500 కి.మీ. దూరాన్ని ప్రమాణంగా పెట్టుకుని కొన్ని సీట్లకు 2,500 రూపాయల పరిమితి విధించింది. 2017 ఏప్రిల్ 27న ప్రారంభమైన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. కరోనా కాలంలో 2020 మేలో దేశీయ విమానాలు తిరిగి మొదలైనప్పుడు ప్రభుత్వం మార్గాలను ప్రయాణ కాలాన్ని బట్టి ఏడు తరగతులుగా విడగొట్టి కనిష్ఠ, గరిష్ఠ ధరలు పెట్టింది. 2022 ఆగస్టు 31తో ఆ పరిమితులు తొలగిపోయాయి.

ఇంటి నుంచి గమ్యానికి

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ సుమారు 1,670 కి.మీ. పట్టాల దారిని 26 గంటల ప్రాంతంలో దాటుతుంది. 44వ జాతీయ రహదారి వెంబడి దూరం సుమారు 1,550 కి.మీ. విమానానికి శంషాబాద్ చేరడం, రెండు గంటల ముందు హాజరు కావడం, అవతల సామాను తీసుకుని ఊళ్లోకి పోవడం కలిపినా ఆరేడు గంటల్లో పని ముగుస్తుంది.

దూరం తగ్గేకొద్దీ ఈ లాభం కరిగిపోతుంది. శంషాబాద్ నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి విమాన దూరం సుమారు 265 కి.మీ. టైమ్‌టేబుల్‌లో గంటో, ఇంకొంచెం ఎక్కువో ఉండే ఆ ప్రయాణంలో ఎక్కడం, దిగడం పోగా నిండు వేగంతో సాగేది కొద్ది నిమిషాలే. ముందు హాజరు, ఊళ్లోకి దారి కలిపితే నాలుగున్నర గంటలు దాటుతుంది. సూర్యాపేట, కోదాడ మీదుగా 65వ జాతీయ రహదారి మీద బయలుదేరిన కారు దాదాపు అదే సమయానికి విజయవాడ చేరుతుంది.